ఆపరేషన్‌కు ముందు ఊపిరి లెక్క

ఆపరేషన్ అనగానే రోగీ, రోగి బంధువులూ భయపడేది కత్తికి, రక్తస్రావానికి, మత్తుమందుకు. కానీ కడుపు పైభాగంలోనో ఛాతీలోనో పెద్ద ఆపరేషన్ జరిగినవారిని అనుకున్న రోజుకు ఇల్లు చేరనివ్వని కారణాల్లో ముందువరసలో నిలిచేవి ఊపిరితిత్తులకు వచ్చే చిక్కులు. కోసిన చోటు చక్కగా మానుతూ, ఆపరేషన్ విజయవంతమైందని వైద్యులు చెప్పిన తరువాత కూడా, రెండోనాడో మూడోనాడో జ్వరమూ ఆయాసమూ మొదలై, ‘నెమ్ము చేరింది’ అన్న మాట వినవలసి రావడం ఏ పెద్దాసుపత్రి వార్డులోనైనా కొత్త సంగతి కాదు. ఊపిరితిత్తిలో కొంత భాగం ముడుచుకుపోవడం, న్యుమోనియా, శ్వాసనాళాలు బిగుసుకుని పిల్లికూతలు రావడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం, చివరకు సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటర్ అవసరం కావడం వంటివన్నీ ఈ చిక్కుల కిందికే వస్తాయి. ఈ ముప్పు అందరికీ ఒకే పాటిగా ఉండదు. ఎవరికి ఎక్కువో ఎవరికి తక్కువో ఆపరేషన్‌కు ముందే, ఖరీదైన పరీక్షలు లేకుండానే అంచనా కట్టే నమ్మదగిన పద్ధతులు గత పాతికేళ్లలో రూపుదిద్దుకున్నాయి.

పెన్న ఒడ్డున, అనంతపురానికీ గుత్తికీ నడుమ 44వ జాతీయ రహదారి మీద ఉన్న పామిడి వంటి ఊళ్లకు ఈ పద్ధతుల అవసరం నగరాలకంటే ఎక్కువే. ఇక్కడివారి జబ్బు మొదట బయటపడేది ఊళ్లోని ఆసుపత్రిలోనో, పక్కవీధి క్లినిక్‌లోనో. పెద్ద ఆపరేషన్ జరిగేది మాత్రం అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో, కర్నూలులోనో, బెంగళూరులోనో. ‘ఆపరేషన్ చేయించుకోవాలి’ అని ఒకచోట చెప్పిన నాటికీ, మరోచోట ఆపరేషన్ బల్ల ఎక్కిన నాటికీ మధ్య చాలామంది విషయంలో కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. డబ్బు సర్దుబాటుకో, పథకం కింద అనుమతికో, పొలం పని తెమలడానికో గడిచిపోయే ఆ వారాలే ఊపిరితిత్తులను సిద్ధం చేసుకోవడానికి దొరికే అసలైన సమయం కాబట్టి, ముప్పు అంచనా ఆపరేషన్ జరిగే చోట కాక జబ్బు బయటపడిన చోటనే మొదలుకావడం మేలు.

మత్తులో ఊపిరితిత్తికి ఏమవుతుంది

మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కూడా పెద్దవారి ఊపిరితిత్తుల్లో ఇంచుమించు రెండు, రెండున్నర లీటర్ల గాలి మిగిలే ఉంటుంది. వాయుగోణులు అనే అతి చిన్న గాలిగదులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచేది ఈ నిల్వగాలే. మనిషి వెల్లకిలా పడుకోగానే ఈ నిల్వ తగ్గుతుంది. మత్తు ఎక్కి కండరాలు సడలగానే ఇంకా తగ్గుతుంది. కడుపునూ ఛాతీనీ వేరుచేస్తూ గొడుగులా ఉండే ఉదరవితానం అనే కండరం తన బిగువు కోల్పోయి పైకి జరగడంతో, వీపు వైపున ఉన్న ఊపిరితిత్తి భాగం నొక్కుకుపోయి గాలిలేకుండా ముడుచుకుంటుంది. 1980లలో స్వీడన్ పరిశోధకులు మత్తులో ఉన్న రోగులకు సీటీ స్కాన్ తీసి చూసినప్పుడు, ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులు ఉన్నవారిలో కూడా మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాలకే ఈ ముడుచుకున్న పట్టీలు కనిపించాయి; పూర్తి మత్తు తీసుకున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతో కొంత ఇలా జరుగుతుందన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం.

చిన్న ఆపరేషన్లలో ఈ ముడుత కొద్ది గంటల్లో దానంతట అదే విచ్చుకుంటుంది. కడుపు పైభాగాన్ని తెరిచిన ఆపరేషన్‌లో మాత్రం ఉదరవితానం కొన్ని రోజులపాటు సరిగా పనిచేయదు. కుట్ల నొప్పికి భయపడి రోగి నిండుగా ఊపిరి పీల్చడు, గట్టిగా దగ్గడు. దగ్గకపోవడంతో కఫం కిందికి చేరి నిలుస్తుంది. గాలి ఆడని చోట నిలిచిన కఫంలో సూక్ష్మజీవులు పెరిగి న్యుమోనియాగా మారుతుంది. నొప్పి, చిన్నశ్వాస, కఫం, ఇన్ఫెక్షన్ అనే ఈ వరసను గుర్తుంచుకుంటే, ఎవరికి ముప్పు ఎక్కువన్న ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్టే. కోత ఉదరవితానానికి దగ్గరైన కొద్దీ, మత్తులో గడిపిన గంటలు పెరిగిన కొద్దీ, ఆపరేషన్‌కు ముందే కఫమో ఆయాసమో ఉన్న కొద్దీ ముప్పు పెరుగుతుంది. కంటిశుక్లం, చేతి ఎముక వంటి ఆపరేషన్లకు ఈ భయం చాలా తక్కువ కావడానికి కారణమూ ఇదే.

శ్వాసను గమనించమన్న హైదరాబాదు

మత్తులో ఉన్న రోగి విషయంలో ముందుగా దేనిని కనిపెట్టుకుని ఉండాలన్న వాదంలో తెలుగునేలకు ఒక పాత్ర ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఆనాటి మత్తుమందు క్లోరోఫాం ఇచ్చేటప్పుడు చూడవలసింది నాడిని కాదు, శ్వాసను అని గట్టిగా నమ్మినవాడు. క్లోరోఫాం గుండెను హఠాత్తుగా ఆపేస్తుందని లండన్ వైద్యులు వాదిస్తుండగా, నిజాం ధనసహాయంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, 1889లో రెండో కమిషన్ ఏర్పడ్డాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లండన్ నుంచి థామస్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువుల మీద జరిపిన ప్రయోగాల్లో ఎప్పుడూ శ్వాసే ముందు ఆగిందనీ, గుండె ఆ తరువాతే ఆగిందనీ, కాబట్టి శ్వాసను జాగ్రత్తగా చూసుకుంటే క్లోరోఫాం ప్రమాదకరం కాదనీ కమిషన్ తేల్చింది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తువైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళల్లో ఒకరుగా చరిత్రలో నిలిచింది.

క్లోరోఫాం నిరపాయమన్న తీర్మానం నిలవలేదు. తేలికపాటి మత్తులో కూడా అది గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపించాయి. అయినా ఆ వివాదం రెండు విషయాలు మిగిల్చింది. మత్తులో ఉన్న రోగి శ్వాసను కన్నార్పకుండా గమనించాలన్నది మొదటిది. అది ఈనాటికీ మత్తువైద్యానికి మొదటి పాఠమే. ఒకచోట, ఒక రకమైన జీవుల మీద చేసిన పరిశీలనను అందరికీ, అన్నిచోట్లకూ ఒకేలా వర్తింపజేయకూడదన్నది రెండోది. ముప్పును అంకెలతో కొలిచే ఇప్పటి పద్ధతులకు ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

ఏడు ప్రశ్నల కొలమానం

రోగిని చూసి ‘ఫిట్‌నెస్’ చెప్పడం చాలాకాలం మత్తువైద్యుడి అనుభవం మీదే నడిచింది. రోగి మొత్తం ఆరోగ్యాన్ని తరగతులుగా విభజించే పద్ధతి 1941లో అమెరికాలో మొదలైంది. ఊపిరితిత్తుల కోసమే ప్రత్యేకించిన సూచీలు మాత్రం 2000 ప్రాంతంలో వచ్చాయి. మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డుల ఆధారంగా అమెరికాలో అరోజుల్లా బృందం శ్వాస వైఫల్యానికి ఒకటి, న్యుమోనియాకు మరొకటి రూపొందించింది. వాటికి కావలసిన వివరాలు ఎక్కువ కావడంతో పడక దగ్గర లెక్కవేసుకోవడం తేలిక కాలేదు. ఆ లోటును పూరించినది స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో జౌమే కానెట్ బృందం తయారుచేసిన అరిస్కాట్ కొలమానం. 2006లో 59 ఆసుపత్రుల్లో ఆపరేషన్ జరిగిన 2,464 మందిని గమనించి, ఆ ఫలితాలను 2010లో ప్రచురించారు. వారిలో 5 శాతం మందికి ఊపిరితిత్తుల చిక్కులు వచ్చాయి. చిక్కులు వచ్చినవారిలో 19.5 శాతం మంది నెలరోజుల్లోపు మరణించగా, రానివారిలో మరణించినవారు 0.5 శాతం మాత్రమే. ఈ చిక్కులను ముందుగా పసిగట్టడానికి అంత ప్రాధాన్యం ఎందుకో ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరం చెబుతుంది.

అరిస్కాట్ అడిగే ప్రశ్నలు ఏడు. మొదటిది వయసు: 50 ఏళ్ల వరకు సున్నా, 51 నుంచి 80 వరకు 3 మార్కులు, 80 దాటితే 16. రెండోది బయటి గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం: 96 లేదా అంతకుమించితే సున్నా, 91 నుంచి 95 మధ్య ఉంటే 8, 90 లేదా అంతకు తగ్గితే 24. మూడోది గడిచిన నెలరోజుల్లో శ్వాసకోశ ఇన్ఫెక్షన్: ఉంటే 17. నాలుగోది రక్తహీనత: హిమోగ్లోబిన్ 10 గ్రాములు, లేదా అంతకు తక్కువైతే 11. ఐదోది కోత ఎక్కడ అన్నది: కడుపు పైభాగమైతే 15, ఛాతీ లోపలైతే 24, మిగిలిన చోట్లయితే సున్నా. ఆరోది ఆపరేషన్ పట్టే సమయం: రెండు గంటలలోపైతే సున్నా, రెండు నుంచి మూడు గంటలైతే 16, మూడు దాటితే 23. ఏడోది అత్యవసరంగా చేయవలసి వచ్చిందా అన్నది: అయితే 8. మొత్తం 26 కంటే తక్కువైతే ముప్పు స్వల్పం, 26 నుంచి 44 వరకు మధ్యస్థం, 45 లేదా అంతకుమించితే తీవ్రం. కొలమానాన్ని సరిచూడటానికి పరిశీలించిన రోగుల్లో ఈ మూడు తరగతులవారికి చిక్కులు వచ్చినది వరసగా 1.6 శాతం, 13.3 శాతం, 42.1 శాతం మందికి.

ఈ ఏడింటిలో నాలుగు రోగివి, మూడు ఆపరేషన్‌వి. రోగికి సంబంధించిన నాలుగూ తెలియడానికి ఒక ప్రశ్న, ఒక ఆధార్ కార్డు, ఒక పల్స్ ఆక్సిమీటర్, ఒక హిమోగ్లోబిన్ పరీక్ష చాలు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం కోవిడ్ ఏళ్లలో పల్లెల్లోని ఇళ్లకు కూడా చేరింది. దానిని సరిగా చూడటంలో మాత్రం జాగ్రత్త అవసరం: గోళ్ల రంగు, నల్ల గోరింటాకు పూత, చల్లబడ్డ వేళ్లు అంకెను తప్పుగా చూపవచ్చు; ఒంటిరంగు ముదురుగా ఉన్నవారిలో ఈ పరికరం కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుందని కోవిడ్ కాలంలో జరిగిన పరిశీలనలు తెలిపాయి. అందువల్ల రోగిని కాసేపు కూర్చోబెట్టి, వేలు తుడిచి, అంకె కదలకుండా నిలిచాక రాసుకోవాలి.

యంత్రం ఏదీ లేకుండా చేసే పాత పరీక్షలు కూడా ఉన్నాయి. రోగి చేత నిండుగా ఊపిరి పీల్పించి ఒక్కసారి గట్టిగా దగ్గమన్నప్పుడు, ఆ ఒక్క దగ్గుతో ఆగక తెరలుతెరలుగా దగ్గు వస్తే అది గమనించవలసిన లక్షణం. ఆరంగుళాల దూరంలో వెలుగుతున్న అగ్గిపుల్లను, మూతి సున్నా చుట్టకుండా, నోరు బాగా తెరిచి ఊది ఆర్పలేకపోతే శ్వాసనాళాలు బిగుసుకుని ఉన్నాయనుకోవాలి. స్నైడర్ 1959లో వివరించిన ఈ పరీక్షలో మూతి ముడిస్తే ఎవరైనా ఆర్పేయగలరు కాబట్టి, నోరు తెరిచి ఉంచడమే ఇందులో కీలకం. రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా అన్న ప్రశ్న కూడా ఎంతో సమాచారం ఇస్తుంది. దీనికి భిన్నంగా, అందరికీ అలవాటుగా తీయించే ఛాతీ ఎక్స్‌రే గాని, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ గాని ఈ ముప్పు అంచనాకు పెద్దగా తోడ్పడవని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2006లోనే సూచించింది. ఆయాసమో పాత ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవారికి మాత్రమే వాటి అవసరం.

ఒక లెక్క చూస్తే

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ తీసుకుంటే ఈ కొలమానం ఉపయోగం తేటపడుతుంది. 62 ఏళ్ల మహిళకు పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌కు రెండు గంటలకు పైగా పడుతుందనీ అనుకుందాం. రెండు వారాల కిందట దగ్గు, జ్వరం వచ్చి యాంటీబయాటిక్ వాడింది, ఆక్సిజన్ 94, హిమోగ్లోబిన్ 9.6. వయసుకు 3, ఆక్సిజన్‌కు 8, ఇన్ఫెక్షన్‌కు 17, రక్తహీనతకు 11, కోతకు 15, సమయానికి 16, మొత్తం 70. అంటే తీవ్రమైన ముప్పు. జబ్బు ఆగగలిగినదైతే ఆపరేషన్‌ను ఆరు వారాలు వాయిదా వేసి, ఆ లోపల ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గి, ఇనుము మందులతో హిమోగ్లోబిన్ 10.8కి, ఆక్సిజన్ 96కి చేరి, లాపరోస్కోపీ ద్వారా రెండు గంటలలోపు ముగిసే ఆపరేషన్ జరిగితే మిగిలేవి వయసుకు 3, కోతకు 15, మొత్తం 18. అదే మనిషి, అదే జబ్బు, స్వల్పమైన ముప్పు. ఒకవేళ ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులు కోలుకోక ఆక్సిజన్ 94 దగ్గరే ఉండిపోతే మొత్తం 26 అవుతుంది. అంటే స్వల్పాన్ని దాటి మధ్యస్థంలో అడుగుపెట్టినట్టు. ఒక్క అంకె తేడాతో తరగతి మారడం ఇలాంటి కొలమానాలన్నిటికీ ఉన్న పరిమితి. 25 వచ్చినవారు నిశ్చింతగానూ, 26 వచ్చినవారు భయంతోనూ ఉండవలసిన పనిలేదు.

ఇందులో మరొక మెలిక ఉంది. మార్కులు తగ్గితే ముప్పు అదే పాళ్లలో తగ్గుతుందని కొలమానం హామీ ఇవ్వదు. ఏ లక్షణాలు ఉన్నవారికి చిక్కులు ఎక్కువగా వచ్చాయో అది చెబుతుందే గాని, ఆ లక్షణాన్ని సరిచేస్తే చిక్కు తప్పుతుందని రుజువు చేయదు. ఉదాహరణకు రక్తహీనత ఉన్నవారికి హడావిడిగా రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ అంకెను 10 దాటించినంత మాత్రాన ఊపిరితిత్తుల ముప్పు తగ్గిపోదు. రక్తమార్పిడికి దాని చిక్కులు దానికున్నాయి. వారాల ముందుగా కారణం కనిపెట్టి ఇనుముతో సరిచేయడం వేరు, అంకె కోసం రక్తం ఎక్కించడం వేరు. అలాగే 42 శాతం అంటే ఫలానా మనిషికి నెమ్ము వచ్చితీరుతుందని కాదు. అటువంటి వందమందిలో 42 మందికి వచ్చిందని మాత్రమే. వేరుశనగ విత్తే ముందు వాన కబురు కోసం చెవి ఒగ్గే అనంతపురం రైతుకు అంచనాకూ జరిగినదానికీ మధ్య ఉండే ఎడం కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే వాన విషయంలో రైతు చేయగలిగింది ఎదురుచూడటమే కాగా, ఇక్కడ అంచనా విన్న తరువాత చేయగలిగింది చాలా ఉంది.

కాటలోనియాలో లేనివి, అనంతపురంలో ఉన్నవి

అరిస్కాట్‌ను తరువాత పెరిస్కోప్ అనే అధ్యయనంలో 21 ఐరోపా దేశాల్లోని 63 ఆసుపత్రుల్లో, 5,099 మంది మీద పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద కొలమానం బాగానే పనిచేసింది గాని, ప్రాంతాన్ని బట్టి దాని ఖచ్చితత్వం మారింది. ఐరోపాలోనే ఒక మూలకూ మరో మూలకూ తేడా ఉన్నప్పుడు, అనంతపురంలో అదే అంకెలను యథాతథంగా నమ్మడం కంటే, కొలమానాన్ని పునాదిగా తీసుకుని ఇక్కడి మనుషుల ఊపిరితిత్తుల చరిత్రను దానికి జతచేసుకోవడం వివేకం.

ఆ చరిత్రలో మొదటిది పొగ. గ్యాస్ కనెక్షన్లు వచ్చినా కంపకట్టెలు, కందికట్టె, వేరుశనగ పొట్టుతో వండుకున్న ఏళ్లు మధ్యవయసు దాటిన పల్లె మహిళల ఊపిరితిత్తుల్లో మిగిలే ఉంటాయి; ఒక్క బీడీ తాగని మహిళకు కూడా పొగతాగేవారికి వచ్చే సీఓపీడీ అనే దీర్ఘకాల శ్వాసనాళ వ్యాధి రావచ్చు. ‘పొగ తాగుతారా’ అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయే వైద్యుడికి ఈ సంగతి తెలియదు. ‘ఎన్నాళ్లు కట్టెల పొయ్యి మీద వండారు’ అని కూడా అడగాలి. రెండోది దుమ్ము. తాడిపత్రి చుట్టుపక్కల బండల గనుల్లో, కోత, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసినవారు పీల్చిన రాతిధూళిలో సిలికా ఉంటే, అది ఊపిరితిత్తుల్లో గట్టి మచ్చలు పెట్టి సిలికోసిస్‌కు దారితీస్తుంది. క్షయ కూడా సులువుగా సోకుతుంది. మూడోది పాత క్షయ. మందులు పూర్తిగా వాడి నయమైనవారి ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలు మిగిలి, గాలి పట్టే చోటు తగ్గిపోయి ఉండవచ్చు. ‘ఎప్పుడో ఆరు నెలల కోర్సు వాడాను’ అన్న మాట మత్తుడాక్టరు చెవిన పడవలసిన మాట.

నాలుగోది నీళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువైన బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి వెన్నెముకా కీళ్లూ బిగుసుకుపోవడాన్ని అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో పరిశీలించి షార్ట్ బృందం 1937లో ప్రచురించింది. అనంతపురం భూగర్భజలాల్లోనూ ఈ సమస్య ఉంది. తాగునీటి కష్టం తీర్చడానికి 1990లలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం రావలసివచ్చింది. ఎముకల ఫ్లోరోసిస్ ముదిరినవారిలో పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుని, ఛాతీ నిండుగా విప్పారక, శ్వాస ప్రధానంగా ఉదరవితానం మీదే ఆధారపడుతుంది. కడుపు పైభాగంలో కోత పడితే దెబ్బతినేది సరిగ్గా ఆ ఉదరవితానమే. పైగా వెన్ను వంగక, వెన్నుకు ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింది భాగాన్ని మాత్రమే మొద్దుబరిచే పద్ధతి కష్టమవుతుంది. మెడ వెనక్కి వంగక, పూర్తి మత్తులో గొంతులోకి గొట్టం వేయడమూ కష్టమవుతుంది. ఏ విదేశీ కొలమానంలోనూ కనిపించని ఈ అంశాన్ని ‘కింద కూర్చుని లేవగలరా, తల పైకెత్తి ఆకాశం చూడగలరా’ అన్న రెండు ప్రశ్నలతో కనిపెట్టవచ్చు.

ఐదోది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. అరిస్కాట్ లెక్కలోకి తీసుకునేది 10 గ్రాములు, అంతకు తక్కువే కాబట్టి వీరందరికీ ఆ 11 మార్కులు పడవు గాని, ఆ గీత అంచున ఉన్నవారు మాత్రం ఎందరో ఉంటారు.

అంచనా తరువాత

ముప్పు ఎక్కువని తేలినవారి విషయంలో చేయదగిన పనులు మూడు దశలుగా ఉంటాయి. మొదటి దశ ఇంటి దగ్గర. బీడీ, సిగరెట్ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఆపరేషన్ తరువాతి చిక్కులు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించింది. ఆపరేషన్ దగ్గరపడ్డాక మానేస్తే కఫం ఎక్కువై ముప్పు పెరుగుతుందన్న పాత భయానికి ఆధారం లేదని తరువాతి అధ్యయనాలు తేల్చాయి కాబట్టి, ఎప్పుడు మానినా మేలే. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారు పీల్చే మందులను ఆపరేషన్ రోజు ఉదయం వరకూ మానకూడదు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచిపెట్టి తేదీ తప్పిపోకుండా చూసుకోవడం కంటే, చెప్పి తేదీ మార్పించుకోవడం క్షేమం. కోవిడ్ తొలి నెలల్లో 24 దేశాల్లో, ఆపరేషన్‌కు కాస్త ముందో తరువాతో వైరస్ సోకినట్టు తేలిన 1,128 మందిని పరిశీలించినప్పుడు సగం మందికి పైగా ఊపిరితిత్తుల చిక్కులు వచ్చి, 23.8 శాతం మంది నెలలోపు మరణించడం ఈ విషయాన్ని అందరికీ అర్థమయ్యేలా చేసింది.

ఈ దశలోనే నేర్వవలసింది ఊపిరి సాధన. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కడుపు పైభాగంలో పెద్ద ఆపరేషన్ జరగబోయే 441 మంది మీద జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపిస్టు అరగంటసేపు కూర్చుని, ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు గురించి చెప్పి, శ్వాసను సాధన చేయించినవారిలో చిక్కులు 12 శాతం మందికి రాగా, కరపత్రం మాత్రమే ఇచ్చినవారిలో 27 శాతం మందికి వచ్చాయి. నేర్పినది ఇంతే: మెలకువ వచ్చిన క్షణం నుంచి గంటకోసారి నిదానంగా, నిండుగా పదేసి శ్వాసలు రెండు విడతలుగా తీసుకోవడం, ఆ తరువాత దగ్గడం. దిండును కుట్ల మీద రెండు చేతులతో అదిమిపట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది. వార్డుల్లో ఇచ్చే మూడు బంతుల పరికరం విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: దానిని ఊదేది అనుకుని రోగులు బలమంతా పెట్టి ఊదుతారు. అది పీల్చవలసినది. నిదానంగా, పొడవుగా పీల్చినప్పుడు బంతులు పైకి లేచి కాసేపు నిలవాలి. వాయుగోణులను విప్పేది లోపలికి పోయే నిండుగాలే గాని, బయటికి పోయే ఊదుడు కాదు.

రెండో దశ మత్తువైద్యుడి చేతిలో ఉంటుంది. వీలైనచోట పూర్తి మత్తుకు బదులు వెన్నుకు ఇచ్చే మత్తు, వెంటిలేటర్ ద్వారా ఇచ్చే ఒక్కో శ్వాస పరిమాణాన్ని తగ్గించడం, కండరాలను సడలించే మందు ప్రభావం పూర్తిగా దిగాకే గొట్టం తీయడం, శస్త్రవైద్యుడితో మాట్లాడి తెరిచి చేసే ఆపరేషన్‌కు బదులు లాపరోస్కోపీ ఎంచుకోవడం వంటివి ఇందులో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో కడుపు ఆపరేషన్ జరిగిన 400 మంది మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, చిన్న శ్వాసలతో ఊపిరితిత్తిని కాపాడే వెంటిలేషన్ పద్ధతి పెద్ద చిక్కులను 27.5 శాతం నుంచి 10.5 శాతానికి తగ్గించింది. మూడో దశ వార్డులో: నొప్పిని సరిగా అదుపుచేయడం, తలవైపు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టడం, నోరు శుభ్రంగా ఉంచడం, వీలైనంత త్వరగా లేపి నడిపించడం. ఆపరేషన్ అయినవారిని కదలనివ్వకుండా పడుకోబెట్టడమే సేవ అనుకునే బంధువులు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

పేగుకు రంధ్రం పడినప్పుడో, పేగు మెలిపడినప్పుడో ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగడానికి వీలుండదు. అలాంటప్పుడు అంచనా వాయిదా కోసం కాక, ఎక్కడికి తీసుకెళ్లాలన్న నిర్ణయం కోసం పనికొస్తుంది. తీవ్రమైన ముప్పు ఉన్న రోగిని వెంటిలేటర్, ఐసీయూ లేని చోట దింపి, అక్కడినుంచి మళ్లీ 108లో మరోచోటికి పంపడం కంటే, మొదటే ఆ వసతి ఉన్న ఆసుపత్రికి చేర్చడం ప్రాణాన్ని కాపాడుతుంది.

పేదలకు పెద్ద ఆపరేషన్లను అందుబాటులోకి తెచ్చిన ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఒకటి. ఆపరేషన్ ఖర్చు భరించే ఏర్పాటు ఇక్కడ అంత ముందుగా వచ్చింది. ఆపరేషన్‌కు శరీరాన్ని సిద్ధం చేసే ఏర్పాటు కూడా దానికి జతకావాలి. రోగి ఆసుపత్రిలో చేరిన తరువాత, ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం హిమోగ్లోబిన్ 9 అని తెలిస్తే వైద్యుడి ముందు మిగిలే దారులు రెండే: తేదీ తప్పించడం, లేదా ముప్పుతోనే ముందుకు పోవడం. అదే అంకె ఆరు వారాల ముందు పామిడిలో తెలిస్తే దానికి వైద్యం చేయడానికి వ్యవధి ఉంటుంది. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు రాసిచ్చే చీటీ మీదే వయసు, ఆక్సిజన్ శాతం, హిమోగ్లోబిన్, నెలలోపు దగ్గు జ్వరాల వివరం, పొగ, దుమ్ము, పాత క్షయ, మెడ నడుముల బిగువు అన్న వివరాలు కూడా చేరిస్తే అదనంగా అయ్యే ఖర్చు ఒక రక్తపరీక్షకు మించదు. రాయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. ఆ చీటీ రాసే చేతికి ఊపిరి సాధన నేర్పే ఓపిక కూడా తోడైతే, నెమ్ము చేరిన తరువాత ఐసీయూలో చేయవలసిన పనిలో చాలా భాగం అసలు అవసరమే పడదు.